రైఫిల్ స్కోప్ కొనేటప్పుడు జూమ్ కాదు, నాబ్‌లు చూడండి

స్కోప్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది జూమ్ ఎంత అనే. డాలస్ దగ్గరి షూటింగ్ రేంజ్‌లో ఏళ్ల తరబడి ఒకే స్కోప్ వాడాక నేను చెప్పేది మాత్రం ఒకటే: డబ్బు పెట్టాల్సింది నాబ్‌ల మీద. నాది .22 రైఫిల్ (సుమారు 0.22 అంగుళం తూటా వాడేది), దాని మీద 30 మి.మీ. ట్యూబ్ స్కోప్. తూటా తగిలే చోటుని పైకీ కిందికీ జరిపే ఎత్తు నాబ్ పైన, పక్కలకి జరిపే గాలి నాబ్ కుడివైపు, కన్ను కదిలితే గురి గీతలు టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడాన్ని సరిచేసే పారలాక్స్ నాబ్ ఎడమవైపు.

నాబ్ మీద 'అప్' అని ఉన్న బాణం తూటా తగిలే చోటు పైకి జరుగుతుందని చెబుతుంది. తూటా కిందికి పడుతుంటే అటే తిప్పాలి. నా స్కోప్‌లో ఒక్కో క్లిక్ 0.1 మిల్ (మిల్ అంటే కోణం కొలత, దూరంలో వెయ్యో వంతు). అంటే 100 మీటర్ల దగ్గర 1 సెం.మీ., 100 గజాల దగ్గర 0.36 అంగుళం. ఎం.ఓ.ఏ. (ఇదీ కోణం కొలతే, డిగ్రీలో అరవయ్యో వంతు) స్కోప్‌లలో ఎక్కువగా పావు ఎం.ఓ.ఏ. క్లిక్ ఉంటుంది, 100 గజాలకి పావు అంగుళం పైచిలుకు. ఏది గొప్పదని వాదించుకోవడం దండగ. స్కోప్‌లోంచి చూస్తే కనిపించే కొలత గీతలూ బయటి నాబూ ఒకే కొలతలో ఉన్నాయా లేదా అన్నదే అసలు సంగతి. లోపల మిల్, బయట ఎం.ఓ.ఏ. ఉన్నది చవగ్గా వచ్చినా తీసుకోకండి, ప్రతి షాట్‌కీ లెక్కలు కట్టుకోవాలి. నాది రెండూ మిల్లే. తూటా 0.8 మిల్ కింద తగిలిందని గీతల మీద కనిపిస్తే ఎనిమిది క్లిక్‌లు పైకి, అంతే. దూరం ఎంతో కూడా అక్కర్లేదు.

50 గజాలకి జీరో చేసిన (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసిన) .22తో 100 గజాలు కొట్టాలంటే నా తూటాలకి దాదాపు 18 క్లిక్‌లు పెంచాలి. మళ్లీ 50కి వచ్చినప్పుడు నాబ్ సరిగ్గా మొదటి చోటికే రావాలి. అందుకే జీరో స్టాప్ ఉన్నది తీసుకోమంటాను. వెనక్కి తిప్పుతూ పోతే సున్నా దగ్గర టక్కున ఆగిపోతుంది, ఒక చుట్టు ఎక్కువైందా తక్కువైందా అనే టెన్షన్ ఉండదు.

క్లిక్‌లు నిజం చెబుతున్నాయో లేదో తూటా ఖర్చు లేకుండానే తెలుస్తుంది. సరిగ్గా 100 గజాల దగ్గర పొడవాటి అట్ట నిలబెట్టి, కింద బరువు కట్టిన దారం పట్టుకుని నిటారుగా గీత గీయండి. దాని మీద 36 అంగుళాల ఎడంతో రెండు గుర్తులు పెట్టండి. తూటాలు తీసేసిన రైఫిల్‌ని కదలకుండా బిగించి, క్రాస్‌హెయిర్‌ని (గురి గీతలు కలిసే చోటుని) పై గుర్తు మీద ఉంచి, నాబ్‌ని 10 మిల్ అప్ వైపు తిప్పండి. క్రాస్‌హెయిర్ గీత వెంటే దిగి కింది గుర్తు మీద ఆగాలి. అది గీత మీంచి పక్కకి జారిందంటే స్కోప్ వంకరగా బిగించారని అర్థం. నేను ఏడాదికోసారైనా ఇది చేస్తాను.

ఎక్కువమంది పట్టించుకోనిది పారలాక్స్ నాబ్. దాని మీద 50 అని ఉన్నచోట పెట్టి ఊరుకుంటారు. నా స్కోప్‌లో 50 గజాలకి సరైన చోటు ఆ అంకెకి కాస్త ఇవతలే ఉంది. ముందు తెల్లటి గోడని చూస్తూ కంటి దగ్గరి రింగ్‌తో గీతల్ని స్పష్టం చేసుకోండి. ఆ తర్వాత టార్గెట్‌ని చూస్తూ తల కొంచెం పైకీ కిందికీ కదపండి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద ఈదుతున్నట్టు ఉంటే, అది నిలిచేదాకా నాబ్ తిప్పండి. దగ్గరి దూరాల్లో దీని ప్రభావం ఎక్కువ.

నాకు నచ్చనిది గాలి నాబ్. మూత లేదు, లాక్ లేదు. బ్యాగ్‌లోంచి తీసేటప్పుడు రాసుకుని తిరిగిపోతుంది, అందుకని ప్రతిసారీ సున్నా మీద ఉందో లేదో చూసుకోవాలి. మూత ఉన్నదే కొనండి.

హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ వాడే మిత్రులు అడుగుతుంటారు కాబట్టి ఇంకో మాట. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వెనక్కే కాదు, ముందుకీ తన్నుతుంది. మామూలు రైఫిల్ దెబ్బకి తట్టుకునే స్కోప్ కూడా దాని మీద పాడవుతుంది. పెట్టె మీద ఎయిర్‌గన్‌కి పనికొస్తుందని రాసి ఉందా, పారలాక్స్ నాబ్‌ని 10 గజాల దాకా తగ్గించొచ్చా అని చూసే తీసుకోండి.