ఆగ్రా షీరోస్ హ్యాంగౌట్: తాజ్ చూసేసి అట్నుంచటే వచ్చేయకండి

ఆగ్రా వెళ్లేవాళ్లు ఫతేహాబాద్ రోడ్డులో ఉన్న షీరోస్ హ్యాంగౌట్ కేఫ్‌కి తప్పకుండా వెళ్లండి. యాసిడ్ దాడుల నుంచి బయటపడ్డ ఆడవాళ్లు నడుపుతున్న కేఫ్ ఇది, 2014 డిసెంబర్లో మొదలైంది.

ముందు తిండి సంగతి. టీ చాలా బాగుంది, అల్లం ఘాటు గట్టిగా తగిలింది. శాండ్‌విచ్ మామూలే, రావడానికి కాస్త టైం పట్టింది. తోచినంత ఇవ్వండి అనే పద్ధతితో మొదలుపెట్టిన చోటు. గోడల నిండా రంగురంగుల బొమ్మలు, ఓ పక్క పుస్తకాలు.

అసలు చెప్పాల్సింది సర్వీస్ గురించి. ఆర్డర్ తీసుకోడానికి వచ్చినావిడ మొహం ఒకవైపంతా కాలిన మచ్చ, కనురెప్ప కిందికి లాగేసి ఉంది, అయినా రెండో కంటికి కాటుక చక్కగా దిద్దుకుంది, లిప్‌స్టిక్ వేసుకుంది, చున్నీ మొహం మీదకి లాక్కోలేదు. మా అత్తగారు తలెత్తి చూళ్లేక మెనూ కార్డులోనే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ మాత్రం అదేం పట్టించుకోకుండా చీనీ వేయాలా అని అడిగింది, అత్తయ్య వద్దని చెయ్యి ఊపితే పంచదార లేకుండా వేరేగా పెట్టి తెచ్చింది, తర్వాత అత్తయ్య మోకాలు పట్టుకుని అవస్థ పడుతుంటే ఎవరూ చెప్పకుండానే కాలు చాపుకోమని స్టూల్ తెచ్చి వేసింది. ఇంత కనిపెట్టుకుని చూసే మనిషి మేం దిగిన పెద్ద హోటల్లో ఒక్కరు లేరు. కాసేపటికి అత్తయ్యకి ఆ మచ్చ గుర్తే లేదు, వచ్చీరాని హిందీలో మోకాళ్ల నొప్పుల కథంతా ఆవిడకి చెప్పేస్తున్నారు.

ఇలాంటి మనిషికి బయట పని దొరకదు, కస్టమర్లు భయపడతారంటారు! మన ఊళ్లలో బట్టల షాపుల ముందు సేల్స్ గర్ల్స్ కావలెను అని పెడతారు కదా, ప్రెజెంటబుల్‌గా ఉండాలి అని రాస్తారు గానీ ఓపిక ఉండాలి, మర్యాద తెలిసుండాలి అని రాసింది నేనైతే చూళ్లేదు. నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. 2008లో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసినప్పుడు రాష్ట్రమంతా కదిలిపోయింది, 2013లో సుప్రీంకోర్టు ఐడీ చూసి రిజిస్టర్లో రాసుకోకుండా యాసిడ్ అమ్మొద్దంది, 2016 చట్టంతో గవర్నమెంట్ ఉద్యోగాల్లో వికలాంగుల కోటా వీళ్లకీ వచ్చింది, అన్నీ మంచివే, కానీ షాపు కౌంటర్లో నిలబెట్టడానికి మాత్రం ఇంకా మొహమే చూస్తున్నారు.

లక్నోలో గోమతీనగర్ వైపు కూడా వీళ్ల కేఫ్ ఉంది. జాలి పడ్డానికైతే వద్దు, టీ తాగడానికి వెళ్లండి, తీరిగ్గా కూర్చోండి. ఫొటోలు మాత్రం అడక్కుండా తీయకండి. పక్క టేబుల్ కుర్రాడు చాటుగా ఫోన్ ఎత్తితే ఈవిడే దగ్గరికెళ్లి, కావాలంటే అడుగు బాబూ, పని అయ్యాక వచ్చి నిలబడతా అని చెప్పింది, చెప్పినట్టే వచ్చి నిలబడింది కూడా.