మడ్‌గార్డుల మీద ప్రేమ, నల్లరేగడి దాకా

గేర్లు ఎలా పడుతున్నాయి, ఫ్రేము ఎంత బరువు, సీటు మెత్తగా ఉందా లేదా అన్నవి ఇక్కడ రాయడం లేదు. నాది చాలామంది దగ్గర ఉండేలాంటి హైబ్రిడ్ సైకిలే. 700 సైజు చక్రాలు, 38 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, డిస్క్ బ్రేకులు. వాటి సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది దానికి విడిగా కొని బిగించుకున్న ప్లాస్టిక్ ఫుల్ మడ్‌గార్డుల గురించి. గుంటూరు చుట్టుపక్కల కొన్నేళ్లుగా ఎండకీ వానకీ తొక్కాక, సైకిల్లో నాకు బాగా నచ్చిన భాగం ఏదంటే వాటినే చూపిస్తాను. నన్ను బాగా ఏడిపించిందీ అవే.

కొత్తలో షాపులో మడ్‌గార్డులు కావాలంటే అక్కడి కుర్రాడు అదోలా చూశాడు. "లుక్ పోద్ది సార్" అన్నాడు. మా నాన్న తరం తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిళ్లకి మడ్‌గార్డులు, చైను కవరు, స్టాండు, క్యారేజీ అన్నీ ఉండేవి. అవి లేని సైకిలుని జనం సగం సైకిలనే అనుకునేవాళ్లు. ఇప్పుడు అవన్నీ విడిగా కొనుక్కోవాలి, పైగా కొన్నందుకు తోటి సైక్లిస్టుల చేత వెక్కిరింపులు పడాలి.

మా వైపు వాతావరణాన్ని నమ్మడానికి లేదు. రోహిణి కార్తెలో పగలంతా మాడ్చి, సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం, దాని వెనకే నాలుగు పెద్ద చినుకులు. మృగశిర వచ్చాక పొద్దున్నే ఇంట్లోంచి బయటపడితే గోరంట్ల దాకా పొడి రోడ్డు, లాం ఫారం దగ్గరికొచ్చేసరికి రోడ్డంతా తడి. మనం ఒక్క చుక్కైనా చూసి ఉండం. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉక్కపోత, మధ్యలో కుండపోత. అక్టోబరు నుంచి అల్పపీడనాలు, వాయుగుండాలు. ఇన్ని రకాల వానల్లోనూ మామూలుగా జరిగేది ఒకటే. వాన పది నిమిషాల్లో వెళ్లిపోతుంది, రోడ్డు మీద నీళ్లు మాత్రం రెండు గంటలు ఉంటాయి. పైనుంచి పడే నీళ్ల కన్నా కింద నుంచి చక్రం ఎగజిమ్మే నీళ్లతోనే అసలు బాధ.

వెనక చక్రం నీళ్లు వీపు మీద చార గీస్తాయని అందరికీ తెలుసు. ముందు చక్రం చేసే పని అంతగా ఎవరూ పట్టించుకోరు. అది ఎత్తిపోసే ఇసుక నీళ్లన్నీ నేరుగా బూట్ల మీదికి, పెడల్ క్రాంకు మీదికి, చైను మీదికి వస్తాయి. సీటు రాడ్డుకి తగిలించే చిన్న ప్లాస్టిక్ రేకు మొదట్లో నేనూ వాడాను. అది వీపుని కాపాడింది, అంతే. బూట్లు తడిసి ముద్దయ్యేవి, చైను ఇంటికొచ్చేసరికి కరకరమనేది. ఫుల్ మడ్‌గార్డులు వేశాక, అందులోనూ ముందుదానికి కింద నేలకి జానెడు ఎత్తు దాకా రబ్బరు ఫ్లాప్ తగిలించాక, తడి రోడ్డు మీద తొక్కడం అంటే భయం పోయింది. ఆ ఫ్లాప్ కంపెనీ ఇచ్చింది కాదు, పాత లారీ మడ్‌ఫ్లాప్ ముక్క కోసి రెండు బోల్టులతో బిగించినది. మొత్తం సామానులో అన్నిటికన్నా చవకైనదీ, ఎక్కువ ఉపయోగపడేదీ అదే.

ఆనందం ఎక్కడ తెలుస్తుందంటే, ఉప్పలపాడు వెళ్లి చెరువులో చెట్ల మీద గూడబాతుల్ని కాసేపు చూసి, వచ్చే దారిలో టిఫిన్ సెంటర్లో మామూలు మనిషిలా కుర్చీలో కూర్చున్నప్పుడు. అంతకు ముందు నా ప్యాంటు చూసి హోటలాయన కుర్చీ తుడుచుకునేవాడు. గుంపుగా వెళ్లినప్పుడు ఇంకో లాభం, నా వెనక తొక్కేవాళ్ల మొహం మీద బురద పడదు. నా సైకిలు లుక్ గురించి జోకులేసిన మిత్రుడే తడి రోజుల్లో ఏరికోరి నా వెనక చేరతాడు. అతని చక్రం వెనక ఎవరూ ఉండరు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటాక కొన్నాళ్లు ఏ రోడ్డు చూసినా ఒండ్రు, ఇసుక, విరిగిన కొమ్మల చెత్త. నీళ్లు తీశాక ఆ రోడ్ల మీద తొక్కాను. ఇంటికొచ్చి చూస్తే మడ్‌గార్డుల లోపలంతా బురద పూత, చైను మాత్రం పొద్దున ఆయిల్ వేసినప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. ఆ రోజు నుంచి కనబడ్డవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను: కొనండి, బిగించండి, ఇక జన్మలో విప్పకండి అని.

ఆ చివరి మాట దగ్గర ఇప్పుడు కొంచెం ఆగుతున్నాను.

కొండవీటి వాగు చుట్టుపక్కల నేల సంగతి మా జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. తాడికొండ, అమరావతి వైపు చాలా మేర నల్లరేగడి. పత్తికీ మిర్చికీ బంగారం లాంటి నేల. ఎండితే కాలు పట్టేంత బీటలు తీస్తుంది, తడిస్తే ఉబ్బి బంకలా తయారవుతుంది. తారు రోడ్డు మీద ఉన్నంతసేపూ ఇదేమీ మనకి పట్టదు. ఒక ఆదివారం అమరావతి వెళ్లి వస్తున్నాను. దారిలో ఒకచోట కల్వర్టు పని జరుగుతోంది, పక్కనుంచి పొలంలోకి మట్టి డైవర్షన్ వేశారు. పొద్దున వెళ్లేటప్పుడు అది గట్టిగా ఉంది, దుమ్ము కూడా లేచింది. తిరిగొచ్చేసరికి మధ్యలో ఒక జల్లు పడిపోయింది. డైవర్షన్లో ఒక ట్రాక్టరు ట్రక్కు దిగబడి అడ్డంగా ఉంది. మోటార్‌సైకిళ్లవాళ్లు పక్కనున్న డొంకలోంచి చుట్టు తిరిగి వెళ్తున్నారు. నేనూ అటే తిప్పాను.

మొదటి యాభై అడుగులు బాగానే నడిచింది. తర్వాత పెడల్ బరువెక్కింది. గేరు తగ్గించాను, ఇంకా బరువెక్కింది. టైరుకి అంటిన మట్టి మడ్‌గార్డు లోపలికి వెళ్తోంది గానీ బయటికి రావడం లేదు. దానికి తోడు డొంకలో పడి ఉన్న ఎండు గడ్డి, పత్తాకు కూడా చుట్టుకుపోయి, మట్టిగోడకి గడ్డి కలిపి తొక్కినట్టు గట్టిపడిపోయింది. ముందు చక్రం మొత్తంగా బిగుసుకుపోయి, తిరగడం మాని జారడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే టప్పుమని శబ్దం వచ్చి ముందు మడ్‌గార్డు కడ్డీలు రెండూ వాటి క్లిప్పుల్లోంచి ఊడిపోయాయి. విరిగాయనుకున్నాను. విరగలేదు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఏదైనా ఇరుక్కుంటే మనిషిని ముందుకి బోర్లా పడెయ్యకుండా ఊడిపోయేలాగే ఆ క్లిప్పులు తయారుచేశారు. డబ్బాలో వచ్చిన కాగితంలో చదివిన సంగతే, పనిచేస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది. వేగం లేదు కాబట్టి నాకు పెద్ద ప్రమాదమేమీ ఉండేది కాదు. అదే మంచి స్పీడులో వెళ్తుంటే ఏ కంప పుల్లో ఇరుక్కుంటే ఈ క్లిప్పే పళ్లు కాపాడుతుంది. అవి లేని చవక మడ్‌గార్డులు ముందు చక్రానికి వద్దు అని గట్టిగా చెప్పగలిగేది అందుకే.

సరే, ఊడింది, తర్వాత? సైకిలు నెడితే కదలదు. ఎత్తితే మట్టితో కలిపి మోయలేనంత బరువు. గట్టు మీద ఒక పెద్దాయన పార భుజాన వేసుకుని ఇదంతా చూస్తున్నాడు.

"ముందు ఆ రేకులు ఊడబీకు బాబూ" అన్నాడు.

"స్పానర్ లేదు బాబాయ్, ఆరు పలకల కీ ఒక్కటే ఉంది."

"అయితే కానీ, పొడుచుకో" అని పక్కన పడి ఉన్న కంది పుల్ల ఒకటి విరిచి ఇచ్చాడు.

ఆ పుల్లతో మడ్‌గార్డు సందులోంచి పొడిచి పొడిచి మట్టి బయటికి లాగడం, పది అడుగులు నెట్టడం, మళ్లీ పొడవడం. ముందు చక్రం పర్వాలేదు, కడ్డీలు ఊడి ఉన్నాయి కాబట్టి మడ్‌గార్డుని పైకెత్తి గోకెయ్యొచ్చు. వెనకది నరకం. సీటు కింద ఫ్రేము అడ్డకడ్డీ దగ్గర సందు అన్నిటికన్నా ఇరుకు. మట్టి మొదట పట్టుకునేదీ అక్కడే, చివరిదాకా వదలనిదీ అక్కడే. చెయ్యి పట్టదు, పుల్ల వంగదు. పెద్దాయన కాసేపు చూసి, "మా కాలంలో వానాకాలం వస్తే సైకిలే మామీద ఎక్కేదయ్యా" అని నవ్వి, వెనక వైపు తనూ ఒక చెయ్యి వేశాడు. ఇద్దరం మోసుకుంటూ తారు రోడ్డెక్కించాం. మామూలుగా నడిస్తే ఐదు నిమిషాల దూరం. ఎంతసేపు పట్టిందో చెప్పనులెండి. మా వెనక వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల సైకిళ్లకి మడ్‌గార్డులు లేవు. వాళ్ల చక్రాలకీ మట్టి పట్టింది, ఫోర్కు దగ్గర గీసుకుంటోంది, అయినా తొక్కుతూనే వెళ్లిపోయారు. ఒంటి నిండా బురదే గానీ వెళ్లిపోయారు.

ఇంటికొచ్చేసరికి మిగిలిన మట్టి ఎండి రాయైంది. నల్లరేగడిని ఎండాక గోకితే ప్లాస్టిక్ గీతలు పడుతుంది గానీ మట్టి రాదు. తడి గోనెసంచి చుట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్న ముద్దలుగా ఊడొచ్చింది. ప్రెషర్ వాటర్ కొట్టించకండి, ఆ నీళ్లు హబ్బు బేరింగుల్లోకి మట్టిని తోస్తాయి. వెనక కడ్డీ ఒకటి వంగింది, చేత్తో సరిచేశాను. కానీ అప్పటినుంచి గతుకు వచ్చినప్పుడల్లా టకటకా శబ్దం. ఆ శబ్దం నన్ను డొంక కన్నా ఎక్కువ విసిగించింది. నట్లు ఎంత బిగించినా రెండు రోజులే. చివరికి మా వీధి చివర పంక్చర్ షాపాయన పాత ట్యూబు ముక్కలు గుండ్రంగా కోసి, ప్రతి బోల్టుకీ వాషర్లుగా వేసి, నైలాన్ నట్లు పెట్టి బిగించాడు. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. శబ్దం ఆగిపోయింది. కొత్తగా బిగించుకునేవాళ్లు ఈ రబ్బరు వాషర్లు మొదటి రోజే వేయించుకుంటే మంచిది.

సమస్య మడ్‌గార్డుది కాదు, సందుది. నా టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉంది. తారు రోడ్డుకి అది ఎక్కువే, రేగడికి ఏ మూలకీ రాదు. పాత నల్ల సైకిళ్లకి ఇంతకన్నా ఖాళీ ఉండేది, వాటికీ ఇదే గతి పట్టేదని పెద్దాయన మాటని బట్టే తెలుస్తోంది. టైరు సన్నం చేస్తే సందు పెరుగుతుంది, కానీ మా రోడ్ల గతుకులకి 38 నుంచి దిగడానికి నా నడుము ఒప్పుకోదు.

ఇంకో రెండు లోపాలు పొగడ్తల మధ్యలో దాటేశాను. బాగా మెల్లగా పోతూ హ్యాండిల్ తిప్పితే బూటు ముందుభాగం మడ్‌గార్డుకి తగులుతుంది. నాకు 10వ నంబరు బూట్లు, చిన్న పాదాలవాళ్లకి ఇది ఉండకపోవచ్చు. రెండోది, బూట్లు తడవవు అని అందరికీ చెబుతూ వచ్చాను. రోడ్డు మాత్రమే తడిగా ఉన్నప్పుడు నిజం. ముసురులో గంటసేపు తొక్కితే పైనుంచి తడుస్తాయి, లారీ పక్కనుంచి వెళ్తే నిలువునా తడుస్తారు, దానికి ఏ మడ్‌గార్డూ లేదు.

కొనమంటారా అంటే, మీరు ఎక్కడ తొక్కుతారో చెప్పాలి. నాది ఊళ్లో ఇల్లు, ఉద్యోగానికి ముందు గంటో గంటన్నరో తిరిగొచ్చే సరదా, దాదాపు అంతా తారు రోడ్డే. ఇంటికొచ్చి సైకిలు కడుక్కునే టైము లేదు, ఓపికా లేదు. ఇలాంటివాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా తీసుకోవచ్చు. పత్తిపాడు వైపో, తాడికొండ వైపో ఊళ్లలో ఉండి చేల దారుల్లో తిరిగేవాళ్లయితే వానాకాలంలో విప్పి అటక మీద పెట్టుకోవాలి. సూర్యలంక లాంటి సముద్రపు ఊళ్ల సంగతి వేరు, అక్కడ ఇసుక ఇంతలా పట్టుకోదు, కానీ ఉప్పు గాలికి మామూలు ఇనప కడ్డీలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్‌వి అడగండి. రేసింగ్ సైకిలు ఉన్నవాళ్లు ముందు ఫ్రేముకి బోల్టు రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలావాటికి ఉండవు.

నేనైతే విప్పలేదు. అమరావతి వైపు వెళ్లే రోజుల్లో సీటు కింద సంచిలో 8 నంబరు స్పానర్ పెట్టుకుంటున్నాను. మడ్‌గార్డులు రెండూ విప్పడానికి ఇంట్లో తీరిగ్గా చేస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. డొంకలో బురద చేతులతో ఎంత పడుతుందో ఇంకా చూడలేదు.