అతుకుల బొంత గేర్‌బాక్స్: ఆరేళ్లు వాడాక

నా 1967 షెవర్లే షెవెల్ కారులో ఉన్న గేర్‌బాక్స్‌కి కేసు, మెయిన్ షాఫ్ట్ (తిరుగుడుని వెనక చక్రాల వైపు పంపేది) మాత్రమే సొంతం. ఇంజిన్ తిరుగుడుని లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ 1971 తర్వాతి బాక్సులోది. గేర్లు మార్చే లీవర్లు బిగించే సైడ్ కవర్ 1969 తర్వాతిది. క్లస్టర్ గేర్ (ఒకే ముక్కగా ఉండే గేర్ల గుత్తి) ఇంకెక్కడిదో. విప్పి కట్టింది నేనే. కట్టి ఆరేళ్లయింది, 19,000 మైళ్లు తిరిగింది. ఏది నిలబడింది, ఏది ఏడిపించింది అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

బాక్సు మన్సీ నాలుగు గేర్లది, ఎం20 రకం. జనరల్ మోటార్స్ కార్లలో ఈ మన్సీ 1963 నుంచి 1974 దాకా వచ్చింది. ఆ పన్నెండేళ్లలో లోపలి కొలతలు చాలా మారాయి, పేరు మాత్రం మారలేదు. చిక్కంతా అక్కడే. "మన్సీ క్లస్టరే ఇది" అని అమ్మేవాడు అంటే అందులో అబద్ధమేమీ ఉండదు, అయినా అది మన బాక్సులో పట్టకపోవచ్చు.

నాకు అలా రెండుసార్లు జరిగింది. పాత క్లస్టర్‌లో ఫస్ట్ గేర్ పళ్లు రెండు విరిగిపోయాయి కాబట్టి వేరేది తెప్పించాను. వచ్చింది 1965 లోపుది. దాంట్లో దూరే పిన్ 7/8 అంగుళం, నా కేసులో రంధ్రం 1 అంగుళం. వెనక్కి పంపాను. రెండోదానికి పిన్ చక్కగా దూరింది, ఇక అయిపోయిందనుకున్నాను. తీరా ఇన్‌పుట్ షాఫ్ట్ పెట్టి చేత్తో తిప్పితే తిరగదు. బలవంతం చేయకుండా కూర్చుని పళ్లు లెక్కపెట్టాను. ముందు గేరుకి 27 ఉన్నాయి. అంటే అది ఎం21 క్లస్టర్, గేర్ నిష్పత్తులు వేరుగా ఉండే ఇంకో మన్సీ రకానిది.

ఎం20లో ఇన్‌పుట్‌కి 21 పళ్లు, క్లస్టర్ ముందు గేరుకి 25. కలిపితే 46. ఎం21లో 26, 27. కలిపితే 53. రెండు షాఫ్టుల మధ్య దూరం కేసులోనే ఖాయమైపోయింది, దాన్ని మనం జరపలేం. అదే దూరంలో 46 పళ్లు ఇమడాలంటే ఒక్కో పన్ను లావుగా ఉండాలి, 53 ఇమడాలంటే సన్నగా ఉండాలి. లావు పళ్ల 21కి సన్న పళ్ల 27 ఎలా కలుస్తుంది? ఫస్ట్ గేరు మాత్రం రెండింటిలోనూ 36కి 17 పళ్లే, అందుకే పైపైన చూస్తే తేడా తెలియదు. ముందు జత వల్లే ఎం20లో ఫస్ట్ గేర్ నిష్పత్తి 2.52, ఎం21లో 2.20 అవుతాయి. మూడోసారి కొనేటప్పుడు పేరు అడగలేదు, పళ్లు లెక్కపెట్టి ఫొటో పంపమన్నాను. అది సరిపోయింది. ఈ ఆరేళ్లలో ఆ జత నుంచి చిన్న ఊళ కూడా లేదు.

ఇన్‌పుట్ షాఫ్ట్‌కి 26 స్ప్లైన్లు (క్లచ్ ప్లేట్‌లో పట్టే నిలువు గాళ్లు), నా పాత క్లచ్ ప్లేట్‌కి 10. ప్లేట్ మార్చాను, అంతే. మెయిన్ షాఫ్ట్ పాతదే ఉంచాను కనుక వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ జోలికి పోలేదు. సైడ్ కవర్‌తో మాత్రం విసుగొచ్చింది. పాత కవర్లలో షాఫ్ట్‌కి స్టడ్ ఉండి లీవర్ మీద నట్ పడుతుంది, 1969 నుంచి లీవర్‌ని బోల్టుతో బిగిస్తారు. నా లీవర్లు పనికి రాలేదు, వాటి కోసం ఇంకో మూడు వారాలు కాచుకున్నాను.

విప్పేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. ముందు బేరింగ్‌ని పట్టి ఉంచే నట్‌కి మరలు ఎడమ చేతివి. అలవాటుగా తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. నేను పైపు తగిలించి మరీ తిప్పాను. నట్ అంచులు నలిగిపోయాక గానీ బుర్ర వెలగలేదు.

క్లస్టర్ లోపల 112 నీడిల్ రోలర్లు పడతాయి, 28 చొప్పున నాలుగు వరసలు. గ్రీజ్ పూసి ఒక్కొక్కటే అంటించి, జారిపోకుండా క్లస్టర్ పొడవుకి కోసిన కర్ర ముక్కని మధ్యలో దూర్చాను. పొట్టి సూదుల్లా ఉంటాయి, వేలికి అంటుకుని వచ్చేస్తాయి. చివరి వరసలో 27 దగ్గరే ఆగిపోయాను. గంటసేపు నేలంతా పాకి వెతికాను. చొక్కా చేతి మడతలో, గ్రీజ్ ముద్దలో దొరికింది.

ఇక నా తప్పు. డబ్బు మిగుల్చుకుందామని 3-4 గేర్ల స్లైడర్ (జరిగి గేర్‌ని షాఫ్ట్‌కి కలిపే కాలరు) వాడినదే వేశాను, గేర్ పడే ముందు వేగాలు సమం చేసే ఇత్తడి సింక్రో రింగులు మాత్రం కొత్తవి. మొదటి వెయ్యి మైళ్లు బాగానే నడిచింది. తర్వాత దిగుడులో యాక్సిలరేటర్ వదిలితే మూడో గేరు దానంతటదే బయటికి వచ్చేసేది. కొన్నాళ్లు గేర్ లీవర్‌ని చేత్తో పట్టుకుని నడిపాను. సిగ్గుపడాల్సిన పనే. 4,000 మైళ్ల దగ్గర విప్పి చూస్తే స్లైడర్ లోపలి పళ్ల కొసలు నలిగి గుండ్రంగా అయ్యాయి. ఈసారి స్లైడర్ దేనిమీద జరుగుతుందో ఆ హబ్, స్లైడర్ ఒకే సెట్టుగా కొని వేశాను. మళ్లీ ఒక్కసారీ జారలేదు. వేరువేరు బాక్సుల ముక్కలు కలపడంలో తప్పు లేదు. ఒకదాన్నొకటి ఒరుసుకునే రెంటిలో ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తేనే గొడవ.

రెండో గేరు చలిలో మొదటి రెండు మైళ్లు ఇంకా కర్రుమంటుంది. అక్కడా పాత స్లైడరే ఉంది మరి. ఆయిల్ వేడెక్కితే సర్దుకుంటుంది. ఆయిల్ జీఎల్-4 (గేర్ ఆయిల్‌లో ఒక గ్రేడు) వాడుతున్నాను. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. అవి ఇత్తడి రింగులని తినేస్తాయన్న భయంతో దాని జోలికి పోలేదు.

మిగిలింది లీకు. అల్యూమినియం కేసులో క్లస్టర్ పిన్ దూరే రంధ్రం ఏళ్ల తరబడి అరిగి కాస్త వదులైంది. సీలెంట్ రెండుసార్లు పూశాను, ఏడాది ఆగి మళ్లీ మొదలవుతుంది. రాత్రి బండి ఆపితే తెల్లారేసరికి కింద అర్ధరూపాయంత మరక. రంధ్రాన్ని పెద్దది చేయించి బుష్ వేయించాలి, దానికి బాక్సు మళ్లీ పూర్తిగా విప్పాలి. అందాకా అట్టముక్క పరుస్తున్నాను, రెండు నెలలకోసారి ఫిల్లర్ ప్లగ్ తీసి వేలు పెట్టి ఆయిల్ చూస్తున్నాను.