కాన్పు ముందుంటే చదువు సంగతేంటి: సెలవా, ఏడాది ఆపడమా, ఓపెన్‌కు మారడమా?

మా అక్క బిడ్డ బీఈడీ మొదటి ఏడాదిలో ఉండగా నెల తప్పింది. నర్సంపేట నుంచి హనుమకొండకు రోజూ బస్సు. ఏడో నెల నిండేదాకా అట్లనే తిరిగింది. తల్లిగారింటికి పోయే ముందు కాలేజీ ఆఫీసులో చెబితే, "ఏం కాదమ్మా, పోయి రా, మేం చూసుకుంటాం" అన్నారు. పాపకు తొట్టెల చేసిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది. అటెండెన్స్ తక్కువైంది, పరీక్ష ఫీజు తీసుకోబోమని. "చిన్నమ్మా, సీటు పోయినట్టేనా?" అని అడిగింది. ఒళ్ళో పాప ఏడుపు నాకు ఫోన్‌లోనే వినబడుతున్నది.

ఇంట్లో తలా ఒక మాట. ఈ ఏడాది ఆపెయ్యమని వాళ్ళ అత్త. ఇంటి పట్టునే ఉండి ఓపెన్‌లో చదువుకొమ్మని మా బావ. సీటు వదలకుండా సెలవు అడగాలని నేను. ముగ్గురిదీ ప్రేమే. కానీ మూడూ ఒకటి కాదు.

ముందు సెలవు సంగతి. 26 వారాల ప్రసూతి సెలవు ఉద్యోగినులకు ఇచ్చే చట్టంలోది, అది విద్యార్థినులకు వర్తించదు. మనకు పనికొచ్చేది 2021 డిసెంబర్‌లో యూజీసీ, అంటే దేశంలోని యూనివర్సిటీలను పర్యవేక్షించే సంస్థ, యూనివర్సిటీలకు రాసిన లేఖ. డిగ్రీ, పీజీ చదివే ఆడపిల్లలకు ప్రసూతి సెలవు, అటెండెన్స్‌లో సడలింపు, పరీక్ష ఫారాలకు గడువు పెంపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని అందులో చెప్పింది. నియమం రాయాల్సింది యూనివర్సిటీయే కాబట్టి అడగనిదే ఏదీ రాదు. పీహెచ్‌డీ వాళ్ళకు ఈ తిప్పలు తక్కువ. కోర్సు మొత్తంలో 240 రోజుల దాకా సెలవు ఇవ్వొచ్చని యూజీసీ నిబంధనల్లోనే రాసి ఉంది.

కోర్టులు ఒక్క తీరుగా లేవు. 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక లా విద్యార్థినికి అటెండెన్స్ సడలింపు ఇవ్వలేదు. 2023లో అదే కోర్టు ఒక ఎంఈడీ విద్యార్థిని పక్షాన నిలిచింది. 59 రోజుల ప్రసూతి సెలవును థియరీ క్లాసుల లెక్కలో చూడమని, చదువా బిడ్డా ఏదో ఒకటి ఎంచుకొమ్మని ఆడదాన్ని అడగకూడదని చెప్పింది. తెలంగాణలో దాన్ని తప్పక పాటించాలని లేదు కానీ, దరఖాస్తులో చూపిస్తే ప్రిన్సిపాల్ తేలిగ్గా తీసిపారేయలేడు.

ఏడాది ఆపడం వినడానికి తేలిక. ఒళ్ళు కుదుటపడాలి, పాప పాలు తాగే వయసు, నిజమే. కాన్పు కష్టమైతే నేనూ అదే చెబుతాను. కానీ బీఈడీ రెండేళ్ళ కోర్సును చేరిన రోజు నుంచి మూడేళ్ళలో ముగించాలి. అంటే చేతిలో ఉన్నది ఒక్క ఏడాదే. దాన్ని ఇప్పుడే ఖర్చు చేస్తే, రేపు పాపకు జబ్బు చేసినా, ఒక పేపర్ పోయినా మిగిలేదేం లేదు. పైగా బీఈడీలో థియరీకి 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు కావాలి. సెలవు దొరికినా ఇంటర్న్‌షిప్‌కు పోక తప్పదు, అందుకే నెలలు లెక్కేసుకుని ముందే మాట్లాడుకోవాలి.

ఓపెన్ మాటకొస్తే, బీఏ, బీకాం చదివే పిల్లకు, పాపను చూసే మనిషి ఇంట్లో లేనప్పుడు, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ మంచి దారే. నేను కాదనను. కానీ దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. బీఈడీకైతే ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది, ఎందుకంటే దూరవిద్యలో బీఈడీ ఇప్పటికే టీచరుగా శిక్షణ పొందినవాళ్ళకే. మా బావకు ఇది చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

నా తూకంలో సెలవే మేలు, అది కాగితం మీద ఉంటేనే. మా పిల్ల దగ్గర కాగితం లేదు, నోటిమాటే ఉంది. "మేమెప్పుడు అన్నాం?" అంటే జవాబు చెప్పలేకపోయింది. ఆ ఏడాది పోయింది, ఇప్పుడు జూనియర్ల బ్యాచ్‌లో కూర్చుంటోంది.

ఏడో నెల రాకముందే ప్రిన్సిపాల్ పేర దరఖాస్తు రెండు కాపీలు రాయండి. కాన్పు తేదీతో డాక్టర్ ఇచ్చిన చీటీ, యూజీసీ లేఖ కాపీ జత చేయండి. ఎన్ని రోజుల సెలవు కావాలో, పరీక్ష ఫారానికి ఎంత గడువు కావాలో విడిగా అడగండి. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసువాళ్ళు వేసే నంబరు), తేదీ, స్టాంపు వేయించుకున్నాకే బస్సెక్కండి.