బొలీవియాకి కింద నుంచి పైకి వెళ్లండి

రెండు విడతల్లో కలిపి 70 రోజులు దక్షిణ అమెరికాలోని బొలీవియాలో బ్యాగు వీపున వేసుకుని తిరిగాను. మొదటిసారి ఫిబ్రవరిలో 23 రోజులు, రెండోసారి జూన్, జూలై నెలల్లో 47 రోజులు. దేశం ఒకటే అయినా ఆ రెండు ప్రయాణాలకీ పోలికే లేదు. ఏ ఊళ్లో దిగానన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

మొదటిసారి నేరుగా లా పాజ్‌కి వెళ్లాను. విమానాశ్రయం ఊరికి పైన ఎల్ ఆల్టోలో, 4,061 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు పడక దిగిన కాసేపటికే తలనొప్పి, సాయంత్రానికి వాంతులు. మూడు రోజులు హాస్టల్ మంచం దిగలేదు. కోకా ఆకుల టీ ఇచ్చారు. కాస్త ఊరటగా అనిపించింది కానీ తగ్గించింది మాత్రం విశ్రాంతే. (ఆ ఆకులు గుర్తుగా కూడా ఇంటికి తేవద్దు, మన దగ్గర నేరం.) ఆ తర్వాత కూడా నాలుగు మెట్లెక్కితే ఆగిపోవాల్సిందే.

రెండోసారి శాంటా క్రూజ్‌లో దిగాను. అక్కడ ఎత్తు 400 మీటర్లే. ఉక్కపోత, మామిడి చెట్లు, మన కోస్తాలో ఉన్నట్టే ఉంది. అక్కడి నుంచి కొండల మధ్య ఉన్న సమైపాటా, తర్వాత 2,800 మీటర్ల ఎత్తున సుక్రే. తెల్లటి గోడల ఆ ఊళ్లో పది రోజులు ఉండి స్పానిష్ పాఠాలు చెప్పించుకున్నాను. డబ్బుకి అంత విలువ దక్కింది ఇంకెక్కడా లేదు. ఇంగ్లిష్‌తో బండి నడవదు. అంకెలు, తిండి, బస్సు వేళలు అడగడం వచ్చినా చాలు, మనుషులు దగ్గరవుతారు. ఆ తర్వాత 4,000 మీటర్లు దాటిన పొటోసి ఎక్కితే కొంచెం ఆయాసం తప్ప ఏమీ కాలేదు.

పొటోసిలో 1545లో వెండి బయటపడ్డ సెర్రో రికో కొండని ఇప్పటికీ తవ్వుతున్నారు. గనిలోకి టూర్లు అమ్ముతారు. నేను వెళ్లలేదు. దుమ్ములో ఊపిరితిత్తులు పోగొట్టుకుంటూ పనిచేసే మనుషుల్ని టికెట్ కొని చూడాలనిపించలేదు. పాత టంకశాల మ్యూజియం మాత్రం తప్పక చూడాలి. వెండి పలకల్ని సాగదీసిన పెద్ద పెద్ద చెక్క యంత్రాలు అలాగే ఉన్నాయి. కింది అంతస్తులో కంచర గాడిదలు తిరుగుతుంటే పైన చక్రాలు తిరిగేవి.

ఉయుని ఉప్పు మైదానం 10,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఫిబ్రవరిలో పల్చగా నీళ్లు నిలిచి ఆకాశమంతా కాళ్ల కింద కనిపించింది, కానీ నీళ్ల వల్ల జీపు ఇన్కావాసి దీవి దాకా పోలేదు. జూన్‌లో పోయింది. మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తున్న కాక్టస్‌ల మధ్య నిలబడి చూస్తే చుట్టూ పగుళ్లు గీసిన తెల్లటి ఉప్పే. నన్నడిగితే వానల్లేని జూన్‌కే ఓటు. చలి మాత్రం భయంకరం. మూడు రోజుల జీపు టూర్‌కి స్లీపింగ్ బ్యాగ్ ఇస్తామన్న ఏజెన్సీ తీరా పల్చటి దుప్పట్లిచ్చింది. ఎర్రటి సరస్సు దగ్గర బసలో తెల్లారేసరికి సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. బ్యాగ్‌ని కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

రాత్రి బస్సులు చవక, సీట్లు బాగా వాలుతాయి. టాయిలెట్‌కి తాళం వేసి ఉండటం మామూలే. అసలు టెన్షన్ రోడ్ల దిగ్బంధాలతో. డిమాండ్ల కోసం జనం దారికి అడ్డంగా రాళ్లు పేరుస్తారు, బస్సులు రోజుల తరబడి కదలవు. తిరుగు విమానానికి ముందు మూడు రోజులు ఖాళీ పెట్టుకోండి. టిటికాకా సరస్సు దగ్గర టికీనా జలసంధిలో మనల్ని పడవలో, బస్సుని వేరే బల్లకట్టు మీద దాటిస్తారు. డబ్బు, పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలి.

తిండి విషయంలో శాకాహారులకి కష్టమే. మధ్యాహ్నం చవగ్గా దొరికే భోజనంలో సూప్ కూడా మాంసం రసంతోనే చేస్తారు. నన్ను నిలబెట్టింది యాహ్వా అనే పచ్చడి. లొకోటో మిరపకాయలు, టమాటా కలిపి బతాన్ అనే రాతి మీద నూరతారు, అచ్చం మన సన్నికల్లు మీద నూరినట్టే. ఉడికిన బంగాళాదుంపకి అది తగిలితే ఇంకేం అక్కర్లేదు. సంతలో పళ్లు కొన్నాక 'యాపా' అని అడగండి. అంటే కొసరు. మొహం చిట్లించకుండా ఇంకొకటి వేస్తారు.

ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. రెండు వారాలే సెలవు దొరికితే లా పాజ్‌ని ఈసారికి వదిలేయండి. శాంటా క్రూజ్, సుక్రే, ఉయుని, అంతే. సుక్రేలో కనీసం నాలుగు రాత్రులు ఉండండి.