జన్యువులా, పరిసరాలా: ఆరోగ్యంపై దేని ప్రభావం ఎక్కువ?

ఆరోగ్యాన్నీ ఎదుగుదలనూ పుట్టుకతో వచ్చిన జన్యువులు నిర్ణయిస్తాయా, పెరిగిన పరిసరాలు నిర్ణయిస్తాయా అన్న ప్రశ్నకు అన్ని వ్యాధులకూ సరిపోయే ఒకే జవాబు లేదు. మెదడు కణాలను క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధిలో జన్యువుదే పైచేయి. సంబంధిత జన్యువులో ఒక చిన్న భాగం 40 సార్లు లేదా అంతకు మించి పునరావృతమైతే, ఎంత క్రమశిక్షణతో జీవించినా ఆ వ్యాధి దాదాపు తప్పదు. అయోడిన్ లోపంతో గొంతు వద్ద వచ్చే వాపులో మాత్రం ప్రధాన పాత్ర ఆహారానిదే. స్విట్జర్లాండ్‌లో 1922 నుంచి ఉప్పులో అయోడిన్ కలపడం మొదలయ్యాక ఆ సమస్య బాగా తగ్గింది.

ఈ రెండు కొసల మధ్య, నా దృష్టిలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఫినైల్‌కీటోన్యూరియా. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ గుర్తించిన ఈ వ్యాధికి మూలం నూటికి నూరు పాళ్లూ జన్యులోపమే: మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్అలనిన్‌ను విడగొట్టే ఎంజైమ్ సరిగా పనిచేయదు, ఆ పదార్థం రక్తంలో పేరుకుపోయి పసి మెదడును దెబ్బతీస్తుంది. అయితే పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో లోపాన్ని కనిపెట్టి, ఫినైల్అలనిన్ బాగా తక్కువగా ఉండే ఆహారం మొదలుపెడితే ఆ బిడ్డ మెదడు చాలావరకు మామూలుగానే ఎదుగుతుంది. జన్యువు మారలేదు, ఫలితం మారింది. అందుకే వంశపారంపర్యం అనగానే చేయగలిగిందేమీ లేదనుకోవడం పొరపాటు మాత్రమే కాదు, పిల్లలకు హాని కూడా.

పరిసరాల ముద్ర జన్యువుల పనితీరు మీదా పడుతుంది. నెదర్లాండ్స్‌లో 1944–45 చలికాలపు కరవు సమయంలో తల్లి కడుపున పడినవారిలో, ఆరు దశాబ్దాల తర్వాత కూడా, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద ఉండి దాని పనితీరును ప్రభావితం చేసే రసాయన గుర్తులు వారి తోబుట్టువులకన్నా తక్కువగా కనిపించాయి.