పీట్ మాస్ సంచి: నారుకు మంచిదే, మళ్లీ కొనను

పెటూనియా నారు పోయడానికి, మట్టికి బదులు వాడే ఈ పీట్ మాస్ సంచిని సీతమ్మధారలోని ఒక నర్సరీలో కొన్నాను. సరుకుకు వంక పెట్టలేను. పొడిపొడిగా, తేలికగా ఉంది, రాయీ రప్పా లేవు. ఇసుక రేణువంత విత్తనాలు కూడా సమంగా మొలిచాయి, నారుకుళ్లు రాలేదు. చిక్కల్లా పూర్తిగా ఎండితేనే. ఇక నీళ్లు పీల్చదు, పోసినవన్నీ అంచుల వెంట జారిపోతాయి. డాబా మీద ట్రేలు పెట్టేవాళ్లు ముందే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టుకోవాలి.

అయినా మూడు నక్షత్రాలే ఇస్తున్నాను. ఎక్కడ తవ్వారో సంచి మీద లేదు. అడిగితే "విదేశీ సరుకండీ, అందరూ ఇదే తీసుకువెళ్తారు" అన్నాడు కుర్రవాడు. చలి దేశాల బురద నేలల్లో స్ఫాగ్నం నాచు చచ్చి, పూర్తిగా కుళ్లకుండా పేరుకుంటే పీట్ అవుతుంది. పేరుకునేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. పది సెంటీమీటర్ల లోతున్న నా ట్రేలో పట్టేది దాదాపు వందేళ్ల పంట!

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలు చూసే మా తమ్ముడు ఇది విని "అక్కా, మా ఏనుగు టేకు కథా ఇంతే" అన్నాడు. టేకంటే కలప కాదు, మాంటా రే అనే పెద్ద చేప. ఏడు మీటర్ల వెడల్పు దాకా పెరిగే ఆ చేప దాదాపు ఏడాది మోసి ఒక్క పిల్లను కంటుంది, మళ్లీ కనడానికి ఏళ్లు పడుతుంది. ట్యూనా వలల్లో చిక్కుతుంది. ఎండబెట్టిన దాని మొప్పల పలకలు మందు పేరుతో చైనాలో అమ్ముడవుతాయి. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అది అంతరించే ప్రమాదమున్న జాతి.

వాడి పోలిక సగమే సరి. టేకు ఒడ్డుకు వస్తే జనం మూగుతారు, పత్రికలో ఫోటో పడుతుంది. నాచును ఎవరు చూస్తారు? ఫ్రాన్సులోని బ్రిటనీ, స్పెయిన్‌లోని గలీసియాల్లో పెరిగే అరుదైన స్ఫాగ్నం పైలేసీని ఐరోపా దేశాలు 1992 నాటి ఆవాసాల ఆదేశంలోనే (అరుదైన జీవులనూ వాటి నివాసాలనూ కాపాడే చట్టం) రక్షించవలసిన జాతుల్లో చేర్చాయి. నా సంచిలో ఉన్నది అదేనని అనను. కానీ పీట్ తవ్వాలంటే ముందు కాలువ తీసి నేలను ఎండగట్టాలి, అలా ఎండిన చోట అటువంటి నాచు బతకదు. వలలో పడ్డ టేకునైనా ప్రాణం ఉండగా వదిలేయవచ్చు. తవ్విన బురదను మళ్లీ తడిపినా పాత లోతు రావడానికి వేల ఏళ్లు కావాలి.

అదే కొట్లో కింది అరలో కొబ్బరి పొట్టు దిమ్మలు ఉన్నాయి, ధర సగం కూడా లేదు. ఉప్పు పోయేదాకా బాగా కడిగి, కాస్త కాల్షియం కలిపి వాడండి. నారు కొంచెం ఆలస్యంగా అందివస్తుంది, అంతే.